హడ్సన్ నది మీద 2009 ప్రమాదం: ఫోన్ మాట్లాడిన కంట్రోలర్‌దే తప్పా?

నదిఒడ్డు (జెర్సీ సిటీ)

విమానాల పిచ్చి ఉన్నవాళ్లు ఈ గుంపులో చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. 2009 ఆగస్టు 8, శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా ఓ చిన్న పైపర్ విమానం, పర్యాటకుల్ని తిప్పే హెలికాప్టర్ హడ్సన్ మీద గాల్లోనే ఢీకొన్నాయి. విమానంలో ముగ్గురు, హెలికాప్టర్‌లో పైలట్, ఇటలీ నుంచి వచ్చిన ఐదుగురు. 9 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అదే ఏడాది జనవరిలో ఇదే నదిలో పైలట్ సల్లెన్‌బర్గర్ ఎయిర్‌బస్‌ని దించి 155 మందిని బతికించాడు. ఆ కథ ఎవరినడిగినా చెబుతారు, దీని గురించి మాత్రం ఒడ్డునే ఉండే మనవాళ్లలో సగం మందికి తెలియదు.

మా ఆఫీసులో ఒకాయన "టవర్‌లో వాడు ఫోన్లో సొల్లు కబుర్లు చెప్పుకుంటూ తొమ్మిది మందిని చంపాడు" అని ఒకే ముక్కలో తేల్చేశాడు. నాకెందుకో అంత తేలిగ్గా తేలే విషయంలా అనిపించలేదు. వివరం తెలిసినవాళ్లు చెప్పండి.

రన్‌వే09

మీ ఆఫీసాయన చెప్పిందే కరెక్ట్. న్యూజెర్సీలోని టెటర్‌బరో ఎయిర్‌పోర్ట్ టవర్‌లో కంట్రోలర్ డ్యూటీలో ఉండి పనికి సంబంధం లేని ఫోన్ మాట్లాడుతున్నాడు. ఎయిర్‌పోర్ట్ ఆవరణలో చచ్చిపోయిన పిల్లి గురించి జోకులు. సూపర్‌వైజర్ సొంత పని మీద బయటికి పోయాడు. ఇంకేం కావాలి? ఇద్దర్నీ సెలవు మీద పంపించారు కూడా.

వరంగల్ కోడలు

నాకు విమానాల గురించి ఓనమాలు కూడా తెలియవు, తిట్టుకోకండి. పక్కనే న్యూయార్క్ లాంటి ఊరు, మూడు పెద్ద ఎయిర్‌పోర్టులు. అక్కడ ఎగిరే ప్రతిదాన్నీ ఎవరో ఒకరు రాడార్‌లో చూస్తూ "నువ్విటు పో, నువ్వటు పో" అని చెప్తుంటారనుకున్నా. అలా కాదా?

పాతటవర్

కాదమ్మా, అసలు కిటుకంతా అక్కడే ఉంది. నేను ఇండియాలో టవర్‌లోనే పనిచేసి రిటైరయ్యాను, ఈ రిపోర్టు అప్పట్లో మా వాళ్లమంతా చదివాం. కాస్త ఓపిగ్గా చదవండి.

కెనెడీ, లాగార్డియా, నెవార్క్ మూడింటి చుట్టూ ఉన్న ఆకాశం కట్టుదిట్టమైనది, క్లాస్ బి అంటారు. కంట్రోలర్ ఊ అంటేనే లోపలికి అడుగు పెట్టాలి. కానీ హడ్సన్ నది మీద మాత్రం నీటి మట్టం నుంచి 1,100 అడుగుల దాకా ఒక ఖాళీ దారి వదిలారు. చిన్న విమానాలు, హెలికాప్టర్లు ఎవర్నీ అడక్కుండా ఆ దారిన పోవచ్చు. 123.05 ఫ్రీక్వెన్సీలో "నేను ఫలానా చోట ఉన్నా, ఇంత ఎత్తులో ఉన్నా, ఇటు పోతున్నా" అని ఎవరికి వాళ్లు చెప్పుకోవాలి, కళ్లతో చూసి తప్పుకోవాలి. ఈ పక్క జెర్సీ, ఆ పక్క మన్‌హటన్ మేడలు, మధ్యలో నది వెడల్పంతే జాగా.

ఇక ఆ రోజు. పైపర్ టెటర్‌బరో నుంచి 11:48కి లేచింది, న్యూజెర్సీలోనే దక్షిణాన ఉన్న ఓషన్ సిటీ వెళ్లాలి. పైలట్ 3,500 అడుగులు అడిగాడు. ఆ ఎత్తు ఇవ్వాల్సింది నెవార్క్ వాళ్లు. అందాకా 1,100 దాటొద్దన్నారు. టెటర్‌బరో కంట్రోలర్ 11:52:20కి "నెవార్క్‌తో మాట్లాడు, 127.85" అని ఫ్రీక్వెన్సీ ఇచ్చాడు. పైలట్ తిరిగి చెప్పేటప్పుడు 127.87 అన్నాడు. ఆ తేడా కంట్రోలర్ పట్టలేదు, ఫోన్ లైన్లో ఉన్నాడు మరి.

సరిగ్గా ఆ సమయానికే 30వ వీధి హెలిప్యాడ్ నుంచి హెలికాప్టర్ లేచింది. రాడార్ మీద అది మొదటిసారి కనబడింది 11:52:27కి, 400 అడుగుల దగ్గర. నెవార్క్ కంట్రోలర్ తన తెర మీద దారి మూసుకుపోతుండటం చూసి 11:52:54కి టెటర్‌బరోకి లైన్ కలిపి ఆ పైపర్‌ని 220 డిగ్రీల దిశకు, అంటే నైరుతి వైపు, తిప్పమన్నాడు. టెటర్‌బరో పిలిచింది, జవాబు లేదు. మళ్లీ పిలిచింది, జవాబు లేదు. పైలట్ ఆ పాటికి వాళ్ల ఫ్రీక్వెన్సీ వదిలేశాడు, నెవార్క్ ఫ్రీక్వెన్సీకి చేరనేలేదు. 11:53:14కి గుద్దుకున్నాయి.

రన్‌వే09

చూశారా, మీరు రాసిందాంట్లోనే ఉంది జవాబు. ఫోన్ లేకపోతే 127.87 అన్నప్పుడే "కాదు, 85" అనేవాడు. పైలట్ నెవార్క్ లైన్లోకి వచ్చేవాడు. వాళ్లు తిప్పేసేవాళ్లు. కథ కంచికి.

పాతటవర్

ఆ వాదన నేను కొట్టిపారెయ్యను. రీడ్‌బ్యాక్, అంటే పైలట్ తిరిగి చెప్పేది, సరిగ్గా వినడం మా ఉద్యోగంలో సగం. కానీ ఒక్క మాట గమనించండి. 11:52:20కి ఫ్రీక్వెన్సీ ఇచ్చినప్పుడు హెలికాప్టర్ ఇంకా రాడార్ మీదకి రానేలేదు. 7 సెకన్ల తర్వాత వచ్చింది. ప్రమాదమైన వారానికే ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు చేసే సంస్థ) వాళ్లు దారిలో ట్రాఫిక్ ఉన్నా హెచ్చరించలేదన్న అర్థం వచ్చేలా ప్రకటన ఇచ్చారు. కంట్రోలర్ల యూనియన్ "అది తప్పు, అప్పటికి హెలికాప్టర్ తెర మీద లేదు" అని బయటికొచ్చి మాట్లాడింది. చివరికి ఎన్‌టీఎస్‌బీ తన ప్రకటన సవరించుకుంది, యూనియన్‌నేమో నిబంధన మీరి మాట్లాడినందుకు దర్యాప్తులోంచి తీసేసింది! చెప్పింది నిజమే, చెప్పిన పద్ధతి తప్పు అన్నమాట.

బేగంపేట్ కుర్రాడు (ఇప్పుడు టెక్సస్)

అన్నలూ, నేను ఇక్కడ ఫ్లయింగ్ ట్రైనింగ్‌లో ఉన్నా, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ నడుస్తోంది. ఈ కేసు మాకు గ్రౌండ్ క్లాసులో చెప్పిన్రు. కంట్రోలర్ సంగతి కన్నా మా ఇన్‌స్ట్రక్టర్ ఎక్కువసేపు నిలబడి చెప్పింది "చూసి తప్పుకో" అన్న సూత్రం గురించి.

ఎన్‌టీఎస్‌బీ 2010 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఫైనల్ రిపోర్టులో ప్రధాన కారణం కింద మొట్టమొదట రాసింది అదే, కంటితో చూసి తప్పుకునే పద్ధతికి ఉన్న సహజమైన పరిమితులు. ఫోన్ రెండోది. పైలట్ సీట్లోంచి ఏం కనబడి ఉంటుందో వాళ్లు లెక్కగట్టి చూసిన్రు. ఆఖరి కొద్ది సెకన్ల దాకా హెలికాప్టర్ విండ్‌షీల్డ్ మీద కదలకుండా ఉన్న చిన్న చుక్క. దాని వెనక మన్‌హటన్ మేడలు, వేల కిటికీలు. హెలికాప్టర్ పైలట్‌కైతే అసలు ఛాన్సే లేదు, విమానం వెనక నుంచి వచ్చింది.

వరంగల్ కోడలు

కదలకుండా ఉండటమేంటి బాబూ? రెండూ ఎగురుతున్నాయి కదా?

చుక్కాని (విశాఖ)

అమ్మా, దీనికి నేను చెబుతాను, మాది మర్చంట్ నేవీ. ఓడ మీద సెకండాఫీసరుగా వాచ్‌లో నిలబడ్డ ప్రతివాడికీ ఇది బుర్రలో మేకు కొట్టినట్టు ఉంటుంది. ఎదుటి ఓడ దిక్కు మారుతూ ఉంటే అది మన ముందు నుంచో వెనక నుంచో దాటిపోతోందని అర్థం. దిక్కు మారకుండా దూరం మాత్రం తగ్గుతుంటే అది మన మీదకే వస్తోంది. అంతర్జాతీయ సముద్ర నిబంధనల్లో రూల్ 7 ఇదే. రాత్రి పూట బ్రిడ్జి రెక్క మీదకెళ్లి కంపాస్‌లో ఒక దీపం దిక్కు చూస్తాం, కొన్ని నిమిషాలాగి మళ్లీ చూస్తాం. మొదట 042, తర్వాత 042, తర్వాతా 042 అంటే కెప్టెన్‌ని లేపాల్సిందే.

మనిషి కన్ను కదిలేదాన్ని ఇట్టే పట్టేస్తుంది, కదలనిదాన్ని పట్టించుకోదు. గుద్దబోయేది మాత్రం ఎప్పుడూ కదలనిదే! మాకు చూసుకోవడానికి నిమిషాలుంటాయి, రాడార్ ఉంటుంది, పక్కన లుకౌట్ మనిషి ఉంటాడు. గాల్లో వీళ్లకి సెకన్లు. ఎలా సాధ్యమో నాకైతే అర్థం కాదు.

బేగంపేట్ కుర్రాడు (ఇప్పుడు టెక్సస్)

చుక్కాని అన్న భలే చెప్పిండు. సెకన్ల లెక్క కూడా ఉందన్నా. ఎఫ్ఏఏ, అంటే ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ వాళ్ల సర్క్యులర్‌లో పట్టిక ఉంటది. కంట్లో పడటానికి 0.1 సెకను, అది విమానమని గుర్తుపట్టడానికి 1, మన మీదకే వస్తుందని అర్థం కావడానికి 5, ఎటు తిప్పాలో తేల్చుకోవడానికి 4, చేయి కదలడానికి 0.4, విమానం మాట వినడానికి 2. మొత్తం 12.5 సెకన్లు. అదీ నువ్వు సరిగ్గా అటే చూస్తున్నప్పుడు. ఆ టైంలో ఫ్రీక్వెన్సీ మారుస్తూ రేడియో నాబ్ మీద తల వంచితే గోవింద.

నదిఒడ్డు (జెర్సీ సిటీ)

తమ్ముడూ, తల వంచాడో లేదో ఎవరికీ తెలియదు కదా?

బేగంపేట్ కుర్రాడు (ఇప్పుడు టెక్సస్)

నిజమేనన్నా, ఆయన గురించి అనలే. మామూలుగా ఎవరికైనా అట్ల అయితదని చెప్పిన. ఆ టైంలో ఫ్రీక్వెన్సీ మార్చే పని అయితే ఉండే.

రన్‌వే09

మరి ఇద్దరి దగ్గరా ట్రాఫిక్ చూపించే తెర ఉందట కదా? టిస్ అనేదేదో. అది అరవలేదా?

పాతటవర్

ఉంది. రాడార్ సమాచారం నేల మీద నుంచి విమానంలోకి పంపే వ్యవస్థ. రెండింట్లోనూ ఆ ఏర్పాటు ఉంది, ఇద్దరు పైలట్లూ దాన్ని సరిగ్గా వాడుకోలేదని రిపోర్టు సహాయక కారణంగా రాసింది. నేనైతే వాళ్లని మరీ తప్పుపట్టలేను. శనివారం, ఎండ కాస్తోంది, నది మీద ట్రాఫిక్ ఎక్కువ. ఆ తెర ఊరికే "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటూనే ఉంటుంది. రోజంతా మోగే గంటని ఎవరు పట్టించుకుంటారు? మా టవర్‌లో కూడా ఇలాంటి అలారాలుండేవి, పేరు చెప్పను, ఒకదాని స్పీకర్‌కి ఎవరో పుణ్యాత్ముడు దూది కుక్కి ప్లాస్టర్ అంటించాడు.

ఇంకో సంగతి నన్ను అప్పుడు కదిలించింది. హెలిప్యాడ్ మీద ఇంధనం నింపుకుంటున్న అదే కంపెనీ పైలట్ ఒకతను తలెత్తి చూశాడు. తోటి హెలికాప్టర్ వెనక విమానం వస్తోంది. రేడియోలో హెచ్చరించాడు. జవాబు రాలేదు. కాసేపటికి విమానం కుడి రెక్క హెలికాప్టర్ రోటర్‌కి తగిలి తెగిపోయింది. నేల మీద నిలబడ్డ మనిషికి కనబడింది, గాల్లో ఉన్న ఇద్దరికీ కనబడలేదు.

అత్తిలి ఆర్‌సీ

చచ్చిన పిల్లి శకునం ఎలాంటిదో పంతుల్ని అడగాల్సింది 😄

మోడరేటర్

ఆ విమానంలో టీనేజ్ పిల్లాడు ఒకడు ఉన్నాడు. జోకులకి వేరే థ్రెడ్లున్నాయి. పైన పెట్టిన వీడియో లింక్ కూడా తీసేశాను. ఎవరో పర్యాటకుడు పడవలోంచి తీసింది, వెతికితే దొరుకుతుంది, ఇక్కడ వద్దు.

రన్‌వే09

సరే, కళ్లకి కనబడదు, తెర అరిచినా వినబడదు. అలాంటప్పుడు ఆ దారి ఎందుకు తెరిచి ఉంచారు? మూసేస్తే పోయేదిగా. ప్రమాదమయ్యాక చాలామంది రాజకీయ నాయకులు కూడా అదే అడిగారు.

పాతటవర్

మూస్తే ఆ ట్రాఫిక్ అంతా ఎక్కడికి పోతుంది? కంట్రోలర్ల నెత్తి మీదకి. నెవార్క్ కంట్రోలర్ జెట్లని దించాలా, రోజంతా ఎక్కి దిగే టూర్ హెలికాప్టర్లని లెక్కపెట్టాలా?

మూయకుండా సరిచేశారు. 2009 నవంబర్ 19 నుంచి కొత్త నిబంధనలు. హెలిప్యాడ్ల నుంచి లేచి దిగే లోకల్ వాళ్లు 1,000 అడుగుల కింద. నది వెంట సాగిపోయేవాళ్లు 1,000 నుంచి 1,300 లోపు. అంటే పైపర్ ఒక అంతస్తు, హెలికాప్టర్ ఇంకో అంతస్తు. వేగం 140 నాట్లు మించకూడదు. లైట్లు వేసుకోవాలి. నదికి కుడివైపు పట్టుకుని పోవాలి. ఫలానా వంతెన, ఫలానా విగ్రహం దగ్గర రేడియోలో చెప్పి తీరాలి. వీటిలో చాలా మటుకు అంతకు ముందూ ఉన్నవే, కాకపోతే "చేస్తే మంచిది" అన్న స్థాయిలో. ఎత్తు విడగొట్టడమే అసలైన మార్పు. రిపోర్టు కూడా పాత నిబంధనల్లో ఎత్తుల మధ్య తగిన ఎడం లేదని విడిగా ఎత్తిచూపింది. ఆ రోజు రెండూ 1,100 దగ్గరే కలిశాయి, ఒకడికి అది పైకప్పు, ఇంకొకడికి ఎక్కుతూ ఎక్కుతూ చేరిన ఎత్తు.

నన్నడిగితే, ఫోన్ మాట్లాడినవాడిని ఉద్యోగంలోంచి తీసేసి ఆ దారి అలాగే ఉంచి ఉంటే ఇంకో శనివారం ఇంకో రెండు గుద్దుకునేవి. వాడి తప్పు తప్పే. కానీ వాడి చెవి ఒక్కటే అడ్డుగోడగా నిలబెట్టినవాళ్ల తప్పు అంతకన్నా పెద్దది.

నదిఒడ్డు (జెర్సీ సిటీ)

ఈ ముక్క మా ఆఫీసాయనకి యథాతథంగా చదివి వినిపిస్తా.

రన్‌వే09

పాతటవర్ గారూ, మీరు కంట్రోలర్ కాబట్టి కంట్రోలర్ల వైపు మాట్లాడుతున్నారని అనను గానీ... కాస్త అలాగే ఉంది సార్ 🙂 టవర్ చక్కగా నడుస్తున్న చోట ఇవి జరగవు కదా?

బేగంపేట్ కుర్రాడు (ఇప్పుడు టెక్సస్)

జరుగుతయి బ్రో. 2021 మే 12, డెన్వర్ పక్కన సెంటెన్నియల్ ఎయిర్‌పోర్ట్. పక్కపక్కనే రెండు రన్‌వేలు, 17 ఎడమ, 17 కుడి. సిరస్ చిన్న విమానాన్ని కుడిదానికి రమ్మన్నరు. మెట్రోలైనర్ అనే రెండింజిన్ల విమానం ఎడమదానికి వస్తుంది. ఇద్దరు కంట్రోలర్లు, రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు. సిరస్ ఉండాల్సిన స్పీడ్ కన్నా ఎక్కువ మీద ఉండి మలుపు తీసుకుంది. స్పీడ్ ఎక్కువైతే మలుపు వెడల్పైతది. తన రన్‌వే లైన్ దాటి పక్క లైన్లోకి పోయి మెట్రోలైనర్‌ని గుద్దింది.

ఇక్కడ వినండి. మెట్రోలైనర్ నడుము సగానికి పైగా చీలిపోయింది. పైలట్ ఒక్కడే ఉన్నడు లోపల. ఆయన టవర్‌కి చెప్పిందేంటంటే, కుడి ఇంజిన్ పోయినట్టుంది అని! వెనక తన విమానానికి పైకప్పే లేదని ఆయనకి తెల్వదు. అట్లనే దించిండు. సిరస్‌లో ఇద్దరు పారాచూట్ లాగిన్రు, విమానం విమానమే గొడుగు కింద వేలాడుకుంట దిగింది. ఒక్కరికి కూడా ఏం కాలే. ఆ మెట్రోలైనర్ ఫోటో చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఇందులో ప్రధాన కారణం సిరస్ పైలట్ లైన్ తప్పడమే. దాంతోపాటు మెట్రోలైనర్‌కి పక్కన సిరస్ ఉందని కంట్రోలర్ చెప్పకపోవడం కూడా రాసిన్రు. ఆ మరుసటి ఏడాది జూలైలో నార్త్ లాస్ వేగాస్‌లో కూడా జంట రన్‌వేల దగ్గరే, ఎడమదానికి రమ్మంటే కుడిదానికి వరుస కట్టిన విమానం ఒక సెస్నాను గుద్దింది. అక్కడ 4 ప్రాణాలు పోయినయి.

చుక్కాని (విశాఖ)

టవర్ లేని చోట?

బేగంపేట్ కుర్రాడు (ఇప్పుడు టెక్సస్)

2022 ఆగస్టులో కాలిఫోర్నియా వాట్సన్‌విల్. టవర్ లేదు. సెస్నా 152 ఒంటరిగా సర్క్యూట్, అంటే రన్‌వే చుట్టూ చక్కర్లు, కొడుతుంది. రెండింజిన్ల సెస్నా 340 దూరం నుంచి తిన్నగా, చాలా స్పీడుగా వస్తుంది. ఇద్దరూ రేడియోలో చెప్పుకుంటనే ఉన్నరు. చిన్న విమానం పైలట్‌కి వెనకోడు మీది మీదికి వస్తున్నడని అర్థమైంది, ఆ మాట రేడియోలో అన్నడు కూడా. అయినా అయింది. 3 ప్రాణాలు. మాట్లాడుకున్నా ఆగలే అన్నా, ఇది మాత్రం నాకు చాలా టెన్షన్ పెట్టే కేసు. ఎందుకంటే ఆ 152లో ఉన్నట్టే నేను కూడా ఒక్కణ్ణే సోలో కొట్టిన.

వరంగల్ కోడలు

మీ అమ్మగారు ఈ ఫోరం చూడరు కదా బాబూ?

బేగంపేట్ కుర్రాడు (ఇప్పుడు టెక్సస్)

చూడదక్కా. చెప్పకండి ప్లీజ్.

పాతటవర్

పెద్ద విమానాలకైతే దీనికి మందు ఎప్పుడో వచ్చింది. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ పక్కన సెరిటోస్ మీద ఏరోమెక్సికో డీసీ-9ని చిన్న పైపర్ గుద్దింది. నేల మీద 15 మందితో కలిపి 82 మంది. పైపర్ అనుమతి లేకుండా జెట్ల దారిలోకి వచ్చింది, దాని ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పరికరం) ఎత్తు చెప్పేది కాదు. దాని తర్వాతే అమెరికాలో పెద్ద విమానాలకి టీకాస్, అంటే ఇంకో విమానం మీదకొస్తుంటే పైలట్‌ని హెచ్చరించే యంత్రం, తప్పనిసరైంది. మన దగ్గర 1996 నవంబర్ 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు పెద్ద విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. ఆ తర్వాతే మనమూ కళ్లు తెరిచాం.

కానీ టీకాస్ ఉన్నంత మాత్రాన అయిపోలేదు. నేలకి బాగా దగ్గరగా ఉన్నప్పుడు అది "ఎక్కు, దిగు" అని ఆదేశం ఇవ్వదు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో పొటోమాక్ నది మీద ప్రయాణికుల విమానం, ఆర్మీ హెలికాప్టర్ గుద్దుకుని 67 మంది పోయింది అలాంటి ఎత్తులోనే, మూడొందల అడుగుల దగ్గర. హెలికాప్టర్ వాళ్లు "ట్రాఫిక్ కనబడింది, చూసుకుంటాం" అన్నారు. మళ్లీ నది, మళ్లీ హెలికాప్టర్, మళ్లీ కంటిచూపు మీద భారం. ఈసారి రాత్రి.

నదిఒడ్డు (జెర్సీ సిటీ)

ఇప్పుడు ఏడీఎస్-బీ వచ్చింది కదా, ప్రతి విమానం తానెక్కడుందో తానే చెప్పుకుంటుందట. దాంతో ఈ సమస్య తీరదా?

బేగంపేట్ కుర్రాడు (ఇప్పుడు టెక్సస్)

సగం తీరుతదన్నా. 2020 జనవరి 1 నుంచి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల ఎగరాలంటే చెప్పే భాగం, అంటే అవుట్, ఉండాల్సిందే. వినే భాగం, ఇన్, తప్పనిసరి కాదు. మా ట్రైనర్‌లో ఉంది, ఐప్యాడ్ మీద చుట్టుపక్కలోళ్లంతా కనబడతరు. క్రాస్ కంట్రీ పోయేటప్పుడు మంచిగ పనికొస్తది, పది మైళ్ల నుంచే ఎవరొస్తున్నరో తెలుస్తది.

సర్క్యూట్‌లోకి రాంగనే మాత్రం మా ఇన్‌స్ట్రక్టర్ ఐప్యాడ్ తిప్పి ఒళ్లో పెట్టుకుంటడు. బయటికి చూడు అంటడు. బేస్ నుంచి ఫైనల్‌కి, అంటే దిగడానికి రన్‌వేకి ఎదురుగా వచ్చే ఆఖరి లైన్లోకి, మలిపే ముందు ఫైనల్ లైన్ మొత్తం ఎడమ నుంచి కుడి దాకా చూసి, "ఫైనల్ క్లియర్" అని నోటితో అనాలి. అనకపోతే మలపనియ్యడు, తిన్నగా పోనిచ్చి మళ్లీ చుట్టు తిప్పిస్తడు.

రన్‌వే09

జంట రన్‌వేలున్న చోట రెండు ఫైనళ్లూ చూడమంటాడా?

బేగంపేట్ కుర్రాడు (ఇప్పుడు టెక్సస్)

రెండూ. సెంటెన్నియల్ అయ్యాక అందరూ అదే నేర్పిస్తున్నరు అన్నడు. రెక్క అడ్డం వస్తే కొంచెం లేపి, దాని కింద కూడా చూడాలి.